సీట్ల మామ, ఎర్ర రెగ్జిన్ ముక్క

సీట్ల మామ పోయాడన్న కబురు నాకు బస్సులో తెలిసింది. తిరుపతి నుంచి చిత్తూరు కోర్టుకు నేను రోజూ పోయే బస్సే. పూతలపట్టు దాటుతుండగా సెల్లు మోగింది. మామ అల్లుడు. "సార్, మామ ఎల్లిపొయినాడు సార్. పొద్దున ఆరింటికి. కూసోనుండేవాడు కూసోనుండినట్టే పొయినాడు" అన్నాడు. "వస్తా ఉండాలే" అన్నాను. ముందు సీటాయన కిటికీ మూయమంటున్నాడు, వెనక సీటామె తెరవమంటోంది. వాళ్ల గొడవ వింటూ కూర్చున్నాను.

నిజం చెప్పాలంటే నాకు ఏడుపు రాలేదు. అలసటగా అనిపించింది. ఆరు నెలలుగా ఫోను మోగినప్పుడల్లా ఇదేనేమో అనుకోవడం, కాదని తెలిశాక మళ్లీ పనిలో పడటం. అట్లా అనుకుని అనుకుని, తీరా ఆ కబురు వచ్చేసరికి నాలో ఏమీ మిగల్లేదు. సీటుకు తల ఆనించి కళ్లు మూసుకున్నాను. ఆ సీటు ఆయన కుట్టింది కాదు. ఇప్పుడు సీట్లు ఫ్యాక్టరీలోనే కుట్టి వస్తున్నాయి.

ఆయన మీకు తెలిసే మనిషి కాదు. చిత్తూరులో బస్సులకు బాడీలు కట్టే షెడ్ల వరుసలో చివరి షెడ్డు ఆయనది. ప్రైవేటు బస్సులకు, లారీలకు, జీపులకు సీట్లు కుట్టేవాడు. నాకు చుట్టం కాడు. ఆ చుట్టుపక్కల అందరికీ ఆయన మామే. నేను ఒక వకీలు దగ్గర టైపిస్టుగా చేరి, ఆ షెడ్డుకు ఎదురుగా ఒక గది అద్దెకు తీసుకున్నప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. చేరిన మూడో రోజే మామ భార్య, నేను అత్తా అని పిలిచే ఆమె, "ఒక్కడివి ఏం వండుకుంటావుబ్బా" అంటూ రాగి సంగటి, శనక్కాయల ఊరిబిండి పచ్చడి తెచ్చి నా గడప మీద పెట్టింది. ఆ ఇంటితో నా సంబంధం అట్లా మొదలైంది.

పదకొండో రోజు కార్యం కూడా అయిపోయింది. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. కానీ ఆయన దగ్గర నేను ఒక మాట తప్పాను, ఒక అబద్ధం చెప్పాను. ఆ రెండూ దాచిపెట్టి, మంచివాడు, పెద్దమనిషి అని రాసి ఊరుకుంటే ఆయనకే నవ్వొస్తుంది. నోట్లో మేకులుండగానే నవ్వుతాడు.

మేకులంటే రెగ్జిన్‌ను సీటు చెక్కకు బిగించే చిన్న మేకులు. పిడికెడు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కోదాన్ని పెదవుల మీదికి తెచ్చి, తీసి కొట్టేవాడు. మాటలు కూడా ఆ మేకుల సందుల్లోంచే వచ్చేవి. కొత్తవాళ్లకు సగం అర్థమయ్యేవి కావు. ఏదైనా గట్టి మాట చెప్పాలంటే మాత్రం మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మేవాడు. ఆయన చెయ్యి నోటి దగ్గరికి పోయిందంటే మేం మాట్లాడటం ఆపేసేవాళ్లం.

ఇంకో అలవాటు. ఏ డ్రైవరైనా సీటు కుట్టమని వస్తే కొలతలు తర్వాత, ముందు "యాడ నొస్తాదప్పా నీకు?" అని అడిగేవాడు. నడుమన్నవాడికి నడుము దగ్గర కొబ్బరిపీచు ఎక్కువ కూరేవాడు. కుడి తొడన్నవాడికి ఆ పక్క అంచు దించేవాడు. బస్సు ఓనరు "ఎవడో ఒకడు కూర్చుంటాడులే మామా" అంటే ఒప్పుకునేవాడు కాదు. "కూసుండేవాడు ఎవుడో ఒకడు గాదు. ఒకడే" అనేవాడు.

క్రికెట్టు ఆయనకు బొత్తిగా తెలియదు. మాకు ఒక ఆదివారం జట్టు ఉండేది. కోర్టు గుమాస్తాలు, బడిపంతుళ్లు, మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు. కార్కు బంతి, కొబ్బరిపీచు మ్యాటు, చుట్టూ గులకరాళ్ల నేల. నాకు బ్యాటింగు రాదు. బౌలింగు అంతకన్నా రాదు. కానీ జట్టులో ఉండాలని చచ్చేంత ఆశ. అట్లాంటివాడికి ఒకటే దారి, ఎవరూ నిలబడని చోట నిలబడటం. అది షార్ట్ లెగ్. బ్యాట్స్‌మన్ కాళ్ల వైపు, నాలుగడుగుల దూరంలో, మోకాళ్లు వంచి, మొహం బ్యాటుకు ఎదురుగా పెట్టుకుని ఉండాలి. వాడు గట్టిగా కొడితే తప్పుకునే టైముండదు. నేను పొట్టిగా ఉంటాను కాబట్టి అది నాకోసమే పుట్టిన చోటని మా కెప్టెన్ తేల్చేశాడు. ఆయన ఒక లెక్కల పంతులు.

రెండో ఆదివారమే బంతి మోకాలి కింద ఎముక మీద తగిలింది. సోమవారం కుంటుతూ కోర్టుకు పోతుంటే మామ పిలిచాడు.

"ఏమబ్బా, కాలీడస్తా ఉండావు?"

చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. షెడ్డులో రెండు సీటు చట్రాలను వికెట్లుగా నిలబెట్టి, చీపురును బ్యాటుగా పట్టుకోమని ఆయనకే ఇచ్చి, నేను పోయి నా చోట వంగాను.

"నువ్వు నిలబడేది ఈడనా?" అన్నాడు.

"ఈడనే మామా."

"ఇదేం తావబ్బా! నేను ఈ కట్ట తిప్పితే నీ పండ్లు రాలిపోతాయి గదా. ఎవురు నిన్ను ఈడ నిలబెట్టింది?"

"కెప్టెన్."

"ఆయప్ప యాడ నిలబడతాడు?"

"మిడాఫ్‌లో. ఆ లారీ కాడ అనుకో."

మేకులు నోట్లోనే ఉన్నాయి గానీ నవ్వు ఆగలేదు.

ఆ వారమంతా సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టుకుని మిగతావాళ్ల సంగతి అడిగాడు. స్లిప్పులో నిలబడేవాడికి ఏం తగుల్తుంది? పాయింటులో వాడికి? గీత దగ్గర బంతి మీద పడి ఆపేవాడికి? నేను చెప్పిన ప్రతి చోటుకూ ఒక మనిషిని మనసులో నిలబెట్టుకుని, యాడ నొస్తుందో ఆలోచించేవాడు. తర్వాతి నెలలో పని మధ్య తీరిక దొరికినప్పుడల్లా కుడుతూ వచ్చాడు. బౌండరీ దగ్గర దూకేవాళ్లకు తుంటి మీద, మోచేతుల మీద బస్సు సీటు స్పాంజి. అవి ప్యాంటు లోపల, చొక్కా లోపల కుట్టేసి ఇచ్చాడు. ఆ గులకరాళ్ల మీద పడినా తోలు లేచిపోకుండా ఉంటుందని. కీపరు పాత గ్లౌజుల్లోకి మెత్తటి లోగ్లౌజులు. పాయింటులో నిలబడే గుమాస్తాకు మోకాలి కింద సన్నటి పట్టీలు. మా కెప్టెన్ "నాకో మామా?" అని అడిగితే, "నీకేం వద్దప్పా. నీ తావకు టోపీ సాలు" అన్నాడు.

నాకు మాత్రం రెండు కాళ్లకూ మోకాలి నుంచి మడమ దాకా పెద్ద గార్డులు. పైన ఎర్ర రెగ్జిన్, అంచులకు తెల్ల పైపింగు, వెనక మూడు బెల్టులు. డీలక్సు బస్సు సీట్లకు వేసే రెగ్జిన్ అది. వాటిని చూసుకుని నేను మురిసిపోయాను.

వాటిని మొదటిసారి ప్యాంటు మీద కట్టుకుని దిగింది కార్వేటినగరంలో. మామ కూడా మాతో వచ్చాడు, తన పని ఎట్లా నిలబడుతుందో చూసుకోవాలని. రెండు ఓవర్లు కాకముందే అంపైరు, ఆ ఊరి పెద్దాయనొకరు, నా దగ్గరికి వచ్చి కాళ్ల వైపు చూశాడు.

"ఏందప్పా ఇది? కీపరు తప్ప ఎవురూ బయటికి ప్యాడ్లు కట్టగూడదు. రూలుండాది. ఇప్పు."

నేను విప్పి, వాటిని చేతిలో పట్టుకుని బయటికి నడిచాను. ఎవరో ఈల వేశారు. మామ వాటిని అందుకుని, నేరుగా అంపైరు దగ్గరికి పోయాడు.

"లోపల కట్టుకుంటే?"

"లోపలైతే ఫర్వాలేదు."

"సేతులకు?"

"గ్లౌజులు కీపరొక్కడికేనప్పా."

మామ చెయ్యి నోటి దగ్గరికి పోయింది. ఆదివారం కూడా ఆ నోట్లో నాలుగైదు మేకులుండేవి. "బంతి పట్టేది సేతుల్తోనే అంటిరి. పదకొండు మందీ పట్టొచ్చు అంటిరి. గ్లౌజులు మటుకు ఒక్కడికేనా? మిగిలినోళ్లవి సేతులు గావా?"

"రూలు అట్ల ఉండాదప్పా" అన్నాడు అంపైరు, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు.

"రూలు రాసినోడు యాడ నిలబడినాడో" అంటూ మామ వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. తిరిగొచ్చే బస్సులో దారంతా ఆ మాటే.

ఆ తర్వాత కుట్టినవి ప్యాంటు లోపల ఒదిగేవి. పగిలిన ప్లాస్టిక్ బిందెను కాలి ఒంపుకు సరిపోయేట్టు కోసి, లోపల పలచటి స్పాంజి అంటించి, గుడ్డ తొడుగు వేశాడు. ఛాతీకి బనీను మాదిరి ఒకటి. ఎండాకాలం అది వేసుకుని వంగి నిలబడితే ఉడికిపోయేవాణ్ని, స్పాంజి అంటించిన సొల్యూషన్ జిగురు వాసనకు తల తిరిగేది. అయినా విప్పేవాణ్ని కాదు. జట్టుకు ఉన్న ఒక్క హెల్మెట్ ఫీల్డింగప్పుడు నాకు. దాని పట్టీ తెగితే కుట్టిచ్చాడు గానీ, లోపలి మెత్తను మార్చమంటే మార్చలేదు. "తల నా పని గాదు. అది దుకాణంలో ఎట్ల వస్తే అట్ల పెట్టుకో. నాకు రానిది సేసి నీ పుర్రె పగలగొట్టేదానికా?" అన్నాడు.

ఇక్కడ నా తెలివితక్కువ చెప్పాలి. గార్డులు వచ్చాక నేను ముందుకు జరగడం మొదలుపెట్టాను. నాలుగడుగులు మూడయ్యాయి. మూడు రెండున్నర అయ్యాయి. కావాలని కాదు. కాళ్లకు దెబ్బ తెలియడం లేదు, ఛాతీకి తెలియడం లేదు, కాబట్టి కాళ్లు వాటంతటవే పోయాయి. క్యాచులు కూడా వచ్చాయి. గుండెగల్లోడన్నారు. ఏ పనీ రాదని పక్కన పెట్టినవాణ్ని అట్లా అంటే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

చిత్తూరులోనే ఒక ఆదివారం మామ మళ్లీ ఆట చూడటానికి వచ్చాడు. ముందు మ్యాటు అంచు ఎత్తి, వేళ్లతో నలిపి, "ఇది గూడా నా పీచే గదా" అని సంతోషపడ్డాడు. ఆట మొదలయ్యాక సంతోషం పోయింది. ఓవరు అయిపోగానే ఎవరినీ అడక్కుండా లోపలికి నడిచి వచ్చాడు. మేకులు చేతిలోకి వచ్చాయి.

"నేను కుట్టింది, నువ్వుండే తావలో తగిల్తే నొప్పి తగ్గాలని. నువ్వు దాన్నేసుకోని ముందరికి పోతా ఉండావు. ఏమబ్బా, కట్టెకు అంటుకోని నిలబడతావా?"

"ఏం గాదులే మామా. తగిలినా తెలీడం లే."

"కాళ్లకు తెలీదు. రొమ్ముకు తెలీదు. సేతులకు? సేతులకు కుట్టనీలేదు గదా మీ రూలు. సేతులకు గార్డు దూరమొక్కటే. ఆ ఏళ్లతో గదా నువ్వు టైపు కొట్టేది?"

జేబులోంచి అరచేయంత ఎర్ర రెగ్జిన్ ముక్క తీశాడు. పనికిరాకుండా పోయిన ఆ మొదటి గార్డుల్లోంచి కోసిన ముక్క. బ్యాట్స్‌మన్ నిలబడే చోటు నుంచి అడుగులు కొలుచుకుంటూ వచ్చి, నాలుగో అడుగు దగ్గర దాన్ని నేలకు పెట్టి మేకు దిగగొట్టాడు. "నీ బూటు దీని మింద ఉండాల. దీనికి అవతల పక్క నీకు పని లే." కెప్టెన్ "మామా, ఇది ఆట. బస్సు గాదు" అని గొణిగాడు. "అయితే నువ్వొచ్చి నిలబడు" అన్నాడు మామ. కెప్టెన్ మిడాఫ్‌కు పోయాడు.

అందరి ముందూ చెప్పినందుకు నాకు కోపం వచ్చింది. సాయంత్రం ఆ కోపంతోనే షెడ్డుకు పోయాను. మామ పాత సీటొకటి చీల్చి, గట్టిపడిన పీచును చేతులతో పీకి దులుపుతున్నాడు. ఏళ్ల తరబడి ఎంతోమంది కూర్చున్న సీట్ల దుమ్ము అది. ఎండ వాలి లోపలికి పడితే ఆ దుమ్ములో మనిషి సరిగ్గా కనిపించేవాడు కాదు. దగ్గుతున్నాడు, దులుపుతున్నాడు. రోజూ చూసేదే గానీ కోపంలో ఉన్నాను కాబట్టి ఆ రోజు కంటికి ఆనింది.

"నాకు గీత గీసినావు గదా మామా, నీకెవురు గీస్తారు?" అన్నాను.

"నాకేమబ్బా? ముప్పై ఏండ్లుగా ఇదే పని."

వాకిట్లో బియ్యం ఏరుతున్న అత్త లేచి వచ్చింది. "అట్ల అడుగు అబ్బా! నేను సెప్పీ సెప్పీ నోరు పడిపాయె. రాత్రయితే దగ్గు, తెల్లారితే దగ్గు. ముక్కుకు గుడ్డ కట్టుకో అంటే ఇంటాడా?"

నేను అదే ఎర్ర రెగ్జిన్‌లోంచి ఒక ముక్క కోసి, పీచు కుప్పకు ఇవతలున్న స్తంభానికి మేకు పెట్టి కొట్టాను. దీనికి అవతలికి పోతే ముక్కుకు గుడ్డ ఉండాలి, లేకపోతే నేను ఆదివారం నా ముక్క దాటతాను అన్నాను. అత్త అప్పటికప్పుడు పాత పంచె చింపి, ఆ ముక్కను రెండు మడతలు చేసి, నాడాలు కుట్టి, తెచ్చి ఆ మేకుకే తగిలించింది. మామ మా ఇద్దరి వంకా చూసి, మేకులు ఉమ్మి, "సరే. నీ ముక్క నువ్వు దాటొద్దు. నా ముక్క నేను దాటను" అన్నాడు.

అది ఒప్పందం. నవ్వులాటకు మొదలైందే గానీ, నేను దాన్ని పట్టుకుని చాలా రోజులే నడిచాను. ఎక్కడ ఆడినా ప్యాంటు జేబులో ఎర్ర ముక్క, ఒక మేకు. టాసు అయ్యాక పోయి అడుగులు కొలిచి కొట్టుకునేవాణ్ని. నగరి జట్టువాళ్లు, మరమగ్గాల పనివాళ్లు, "ఏందన్నా ఇది, మొక్కుబడా?" అని అడిగారు. మామ కూడా గుడ్డ కట్టుకుని కనిపించేవాడు. దాంతో నోట్లో మేకులు పెట్టుకోవడం కుదరక, ఒక డబ్బా మూతలో పోసుకుని, ప్రతిదానికీ వంగి తీసుకుంటూ విసుక్కునేవాడు.

ఆ ఏడు టోర్నమెంటు ఫైనల్ నగరిలో, నగరి జట్టుతోనే జరిగింది. ఎండ మామూలుగా లేదు. వాళ్లకు చివరి జోడీ ఉంది, కొట్టాల్సిన పరుగులు కొన్నే ఉన్నాయి. మా ఆఫ్ స్పిన్నర్ బంతులు బ్యాట్స్‌మన్ గ్లౌజుకు తగిలి, నా ముందు రెండడుగుల దూరంలో పడుతున్నాయి. ఒకటి పడింది. ఇంకోటి పడింది. నా బూటు ఎర్ర ముక్క మీదే ఉంది. కెప్టెన్ మిడాఫ్ నుంచి ఏమీ అనలేదు, నా వంక చూశాడు, అంతే. నేను ముందుకు జరిగాను. రెండడుగులు. ఎవరూ నన్ను తొయ్యలేదు.

వాడు ఈసారి బంతిని కాళ్ల పక్కకు బలంగా తిప్పాడు. మొహానికి అడ్డంగా చేతులు పెట్టానని మాత్రం గుర్తుంది. బంతి నా కుడిచేతి వేళ్లకు తగిలి పైకి లేచింది, కీపరు పట్టాడు. అవుట్. గెలిచాం. అందరూ నన్ను ఎత్తుకున్నారు. మధ్య వేలు, ఉంగరం వేలు విరిగి వేలాడుతున్నాయని కింద దింపాక చూశారు.

మూడు నెలలు టైపు కొట్టలేదు. వకీలు మంచివాడే, కానీ కోర్టు నా వేళ్ల కోసం ఆగదు కదా, ఇంకొకణ్ని పెట్టుకున్నాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక నా గదిలో పడుకుని గోడ చూస్తుంటే, అత్త రోజూ అన్నం కలిపి పెట్టేది. మామ వచ్చినప్పుడల్లా కట్టు కింద పెట్టుకోవడానికి ఏదో ఒక మెత్త కుట్టుకొచ్చేవాడు. మొదటి రోజు అడిగాడు.

"ముక్క మిందనే నిలబడినావా?"

"మిందనే మామా. అది రాసిపెట్టుండాది, అంతే" అన్నాను.

ఆయన నా మొహం చూసి, "సరే" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

వేళ్లు అతుక్కున్నాయి. ఉంగరం వేలు వంకరగానే మిగిలింది. నేను ఆట మానేసి, పరీక్ష రాసి, కోర్టులోనే టైపిస్టునయ్యాను. ఒక సాయంత్రం షెడ్డుకు పోతే మామ ఎర్ర ముక్కకు అవతల కూర్చుని, ముక్కుకు ఏమీ లేకుండా పీచు దులుపుతున్నాడు. గుడ్డ మేకుకు వేలాడుతోంది. గుడ్డేది మామా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నా మాట నేను తప్పి, దాని మీద అబద్ధం కూడా చెప్పినవాణ్ని, ఏ ముఖంతో అడుగుతాను? వేరే ఏదో మాట్లాడి వచ్చేశాను. మరుసటి వారం కూడా అంతే. తర్వాత అది అలవాటైపోయింది. పెళ్లయింది, తిరుపతికి కాపురం మారింది, టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. బస్సు దిగి ఇంటికి పోతే చాలనిపించే రోజులు. వారానికోసారి చూసే మామను నెలకోసారి చూశాను, తర్వాత పండక్కోసారి. చూసిన ప్రతిసారీ దగ్గు కొంచెం ముదిరి ఉండేది. ప్రతిసారీ గుడ్డ మేకుకే ఉండేది. అడగలేదు. పదేళ్లకు పైగా అడగలేదు.

చివరికి వేలూరు పెద్దాసుపత్రిలో చూపించారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయన్నారు. బీడీ తాగుతారా అని అడిగితే, ఆయన ఆ జోలికే పోలేదని అత్త ఏడుస్తూ చెప్పింది.

చివరిసారి మాట్లాడింది రెండు నెలల కింద, మధ్యాహ్నం పూట. పడుకుంటే ఊపిరి ఆడదు కాబట్టి ఆయన కూర్చునే ఉండేవాడు. వీపుకు ఆనించుకునేదానికి ఒక బస్సు సీటును ఆయనే చెప్పి, అల్లుడి చేత కుట్టించుకున్నాడు. నడుము దగ్గర పీచు ఎక్కువ. నోట్లో మేకులు లేని ఆ ముఖం నాకు కొత్తగా ఉంది. నా చెయ్యి తీసుకుని వంకర వేలును అటూ ఇటూ కదిపి చూశాడు.

"ఆ దినం నువ్వు ముందరికి పోయినావు గదా" అన్నాడు.

తలూపాను.

"మీ కెప్టెన్ ఆ మర్నాడే సెప్పినాడు నాకు."

"మరి నన్ను ఎందుకు అడగలే మామా?"

ఆయనకు నవ్వు వచ్చింది, నవ్వుతోపాటు దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా అత్త వీపు నిమిరింది. ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాడు. "అడిగితే... నువ్వు నన్ను అడగవా... గుడ్డ యాడ అని? నేను దాన్ని తీసేసి అప్పుటికే నెలయింది. మేకులు నోట్లో పెట్టుకునేదానికి కుదర్లే."

తెలిసి నేను ఊరుకున్నాను, తెలిసి ఆయన ఊరుకున్నాడు. నా ఆటేదో ఆ ఏడుతో అయిపోయింది, ఒక వేలుతో బయటపడ్డాను. ఆయన పని అవలేదు. రోజూ పొద్దున్నే పోయి ఆ దుమ్ములో కూర్చున్నాడు. నేను ఒక్కసారి సిగ్గు విడిచి అడిగి ఉంటే తిట్టేవాడు, తర్వాత కట్టుకునేవాడు. ఆయన సంగతి నాకు తెలుసు. డాక్టర్లు అప్పటికే ఆలస్యమై ఉంటుందని అన్నారు గానీ, ఆ మాట పట్టుకుని నిద్రపోవడం నాకు చేతకావడం లేదు.

నిన్న కోర్టు అయ్యాక షెడ్డుకు పోయాను. అల్లుడు పనిలో ఉన్నాడు. ఒక స్కూలు బస్సువాళ్లు సోమవారానికి సీట్లు కావాలన్నారట, కార్యం అయ్యేదాకా ఆగినందుకే వాళ్లకు దండం పెట్టాలన్నాడు. పాత సీట్లు చీల్చి కుప్ప పోసి ఉన్నాయి. ఒకే ఊపున పీచు పీకి దులపడం, కూరడం, వెంటనే రెగ్జిన్ లాగి మేకులు కొట్టడం. నోట్లో మేకులు. మామ ఎట్లా చేసేవాడో అచ్చం అట్లాగే. దుమ్ము లేస్తోంది. మధ్యలో ఒకసారి దగ్గాడు.

స్తంభానికి ఎర్ర ముక్క అట్లాగే ఉంది, అంచులు పగిలి పెట్లిపోయి. గుడ్డ కూడా ఉంది. శుభ్రంగా ఉంది. కట్టుకున్నా కట్టుకోకపోయినా అత్త ఇన్నేళ్లూ ప్రతి శుక్రవారం దాన్ని ఉతికి, ఆరేసి, మళ్లీ ఆ మేకుకే తగిలించేదట.

దాన్ని తీసి అల్లుడి ముందు పెట్టాను.

"కట్టుకో."

"ఇప్పుడెందుకులే సార్. నాలుగు సీట్లే గదా. ఇది కట్టుకుంటే మేకులు యాడ పెట్టుకునేది?"

నేను అల్లుడి పక్కన చతికిలబడి కుడిచెయ్యి చాపాను. "ఈడ పెట్టు."

ఆయన నా వంక చూశాడు. నేను చెయ్యి తియ్యలేదు. కొంచెంసేపటికి తల వంచి, మేకులన్నీ నా అరచేతిలోకి ఉమ్మాడు. వెచ్చగా, తడిగా ఉన్నాయి. గుడ్డ కట్టుకుని, నాడాలు వెనక్కి ముడి వేసుకుని, మళ్లీ పీచు అందుకున్నాడు. వంకర వేలు సందులోంచి మేకులు జారకుండా రెండో చెయ్యి కింద పట్టుకుని, ఒక్కోటీ అందిస్తూ కూర్చున్నాను. నాలుగు సీట్లూ అయ్యేదాకా ఆయన మొహం మీద ఆ పంచె గుడ్డ ఊపిరితోపాటు లోపలికి పోతూ, బయటికి వస్తూనే ఉంది.